పెరటి దారిన గుంటూరు

నమోదు 1

నవకోస్తా మహాసభవారి ఆజ్ఞ ప్రకారం, 'దిగ్విజయ' అనే ఈ ఓడలో జరిగే సకల విశేషాలనూ ఉన్నవి ఉన్నట్టు రాయడానికి నియమితుడైన చరిత్రలేఖకుణ్ణి నేను. పేరు సూరపనేని తాతబ్బాయి. ఉన్నవి ఉన్నట్టు రాయమన్నది సభ. బాగున్నట్టు రాయమన్నది మా కెప్టెన్ గరుడాచలం గారు. రెండూ ఒకచోట కుదిరినప్పుడల్లా సంతోషిస్తాను.

బయల్దేరే ముందు సభ జరిగింది. ఈ యాత్రకు కారణాలు నాలుగని అధ్యక్షులవారు సెలవిచ్చారు. మొదటిది జ్ఞానం. రెండోది తెలుగు వెలుగు విశ్వమంతటా పంచడం. మూడోది, పోయినేడు మన పొరుగున ఉన్న దిగువ వలయంవాళ్ళు ఒక ఓడ పంపారు కాబట్టి మనమూ పంపడం. దీన్ని ఆయన జాతి గౌరవం అన్నారు. నాలుగోది చెప్పేముందు గ్లాసెడు నీళ్ళు తాగారు.

"వీలుంటే, దారిలో తగిలితే, కాస్త కారం."

మొదటి మూడు కారణాలకూ మర్యాదకి చప్పట్లు కొట్టిన జనం నాలుగోదానికి బెంచీలెక్కారు. వేదిక వెనక కట్టిన బ్యానరు మీద 'ఈ యాత్రకు కారణం' అని ఉండాల్సింది. రాసినవాడు ణ అక్షరం మర్చిపోయాడు. అచ్చుతప్పు అని క్షమాపణ చెప్పారు. ఆ రోజు సభలో నిజం పలికింది ఆ బ్యానరొక్కటే.

కారం సంగతి చెప్పాలి. అది భూలోకంలో గుంటూరు అనే ఊళ్ళో పండుతుందని మా పూర్వీకులు చెప్పిపోయారు. చుక్కల నడుమ ఉన్న మా నవకోస్తాకూ భూలోకానికీ మధ్య మూడు గేట్లున్నాయి, మూడింటికీ ముగ్గురు యజమానులు. ప్రతి గేటు దగ్గరా బస్తాలోంచి కొంత దించుకుంటారు. తూకం తగ్గితే పరువు తక్కువ కనక, దించుకున్నంతా ఇంకేదో ఎర్రటిది కలుపుతారు. అలా మా దాకా వచ్చే కారం ఎర్రగా, బరువుగా, పంటికింద కరకరలాడుతూ ఉంటుంది. కరకరలాడని కారం కారమే కాదని మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నమ్మకం. ఈ మధ్య నడిమి గేటు చేతులు మారింది. కొత్త యజమానికి ఆకలెక్కువ. ఇంటికి నెలకో చెంచా కూడా రావడం లేదు.

నన్నెందుకు ఎంచారంటే, నా చదువు ప్రాచీన భూలోక చరిత్ర. నా సిద్ధాంత వ్యాసం పేరు 'యూరపువారు కొత్త ఓడదారులు ఎందుకు వెతికారు'. మలబారు మిరియం అరబ్బు ఓడ ఎక్కి, ఒంటె ఎక్కి, వెనిస్ గోదాములో దిగి, చెయ్యి మారినప్పుడల్లా ధర పెరిగి, చివరికి ఒక రాజుగారి పళ్ళెంలోకి నాలుగు గింజలై చేరేది. ఆ నాలుగు గింజల కోసం వాళ్ళు సముద్రాలు దాటారు. దేవుడి కోసం, కీర్తి కోసం అని కూడా అన్నారు. చివరికి మిరియం వెతుకుతూ పోయిన వాళ్ళకి ఎక్కడో మిరపకాయ దొరికింది. దాన్ని మనకి అంటగట్టారు, మనవాళ్ళు మిరియం పేరునే కాస్త సాగదీసి దానికి పెట్టారంటారు. ఇదంతా విని సభవారు, 'ఇతనికి అనుభవం ఉంది' అన్నారు.

ఇంకో అర్హత కూడా ఉంది. నవకోస్తాలో గది పెద్ద సంతానానికే వస్తుంది. మా అన్నయ్యకి గది వచ్చింది, నాకు ఓడ వచ్చింది. ఈ ఓడలో ఉన్నవాళ్ళందరం రెండో సంతానమే. ఇంట్లో చోటుంటే విశ్వాన్ని కనిపెట్టాలని ఎవడికి పుడుతుంది?

నమోదు 2

నా దినచర్య: ఉదయం నాచుతొట్టి గోకడం, మధ్యాహ్నం గోకిన నాచు తినడం, సాయంత్రం చరిత్ర రాయడం.

కెప్టెన్ గారి సిద్ధాంతం ఇవాళ నాకు పూర్తిగా బోధపడింది. ఏ ఇంటికైనా వీధి గుమ్మంతోపాటు పెరటి గుమ్మం ఉంటుంది. భూలోకానికీ ఉండాలి. గేట్లకు వీపు తిప్పి ఓడను పోనిస్తే, ఎవరికీ దమ్మిడీ ఇవ్వకుండా తిన్నగా గుంటూరు పెరట్లో దిగొచ్చు.

"అంతదూరం మన నాచు సరిపోతుందాండీ?" అని అడిగాను.

"నేను లెక్క కట్టానోయ్. సరిపోయి మిగుల్తుంది."

ఆ లెక్క వంటింట్లో తేలింది. మా వంటమనిషి నాంచారమ్మ పిన్నిగారు పాత నక్షా ఒకటి బల్లమీద పరిచి దానిమీద నాచుకేకులు ఆరబెట్టుకుంటోంది. కేకు తీసి నక్షా అడుగున చూపించింది.

"ఒరే తాతబ్బాయ్, ఇక్కడ ఏవని రాసుంది?"

"ఆమడలు."

"మరి ఆయన క్రోసులని కట్టాడేవిట్రా?"

నేను పరుగున వెళ్ళి కెప్టెన్ గారికి మనవి చేశాను. ఆమడకి నాలుగు క్రోసులని, ఆ లెక్కన దూరం నాలుగింతలవుతుందని. ఆయన జాలిగా చూశారు.

"ఆమడ అంటే క్రోసునే గౌరవంగా అనడం. పెద్దవాళ్ళు అలాగే అనేవారు. రాసుకో."

రాసుకున్నాను. ఓడకు దారి చెప్పే యంత్రాన్ని మేం దారిపెట్టె అంటాం. అది కూడా వినయంగా గొంతు సవరించుకుంది. "చిత్తం. నా లెక్కలో మాత్రం నాలుగింతలే వస్తోంది."

"నీ లెక్క నీ దగ్గరే ఉంచుకో," అన్నారాయన.

ఒకటి మాత్రం ధైర్యం. తిరిగి రావడానికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. నవకోస్తా కొమ్మున దీపస్తంభం ఉంది. ఎంత దూరాన ఉన్నా దాని పిలుపు వినపడుతుంది, ఓడ ముక్కు అటు తిప్పి పడుకుంటే చాలు. పోవడానికే దారిపెట్టె కావాలి, ఇంటికి రావడానికి పశువుకున్నంత తెలివి ఉంటే సరిపోతుంది.

నమోదు 3

కారం డబ్బా ఖాళీ అయింది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. నాచు పచ్చగా ఉంది, చప్పగా ఉంది, మా ముఖాల్లా ఉంది. చుక్కాని పట్టే పోతురాజు డబ్బా అడుగున వేలు పెట్టి తిప్పి, ఆ వేలు పొద్దస్తమానం నోట్లోనే ఉంచుకున్నాడు.

ఓడ వెనక్కి తిప్పాలని భోజనాల దగ్గర గొడవైంది. కెప్టెన్ గారు బల్లమీద చెయ్యి వేసి, గుంటూరులో ప్రతివాడికీ ఒక గది కట్టించే పూచీ నాది అన్నారు. గది అనేసరికి అందరం మెత్తబడ్డాం. రెండో సంతానాన్ని లొంగదీయడం చాలా సులువు.

నమోదు 4

గుంటూరు చేరాం.

ఈ వాక్యం కెప్టెన్ గారి ఆజ్ఞ మీద రాశాను. ఇక నేను చూసింది రాస్తాను.

ఎర్రటి బోడి నేల. దాని మధ్య ఒక పెద్ద గుంట, ఎప్పుడో ఉల్క పడ్డ చోటులా ఉంది. పైన గాలి పలచన, ముసుగు లేకుండా ఊపిరాడదు. గుంటలోకి దిగేకొద్దీ గాలి చిక్కబడి, అడుగున హాయిగా పీల్చుకోవచ్చు. గాలి అక్కడే నిలిచేలా గుంట అంచు చుట్టూ ఎత్తుగా ఇటుకల గోడ కట్టారు. లోపల ఇళ్ళు, చేలు, ఒక ఇటుకబట్టీ. మనుషులు! మాలాంటి మనుషులే.

ఒక ముసలావిడ ఎదురొచ్చింది. ఊరి పెద్ద, పేరు ఓబులమ్మ. చేతులు మోచేతుల దాకా బంకమట్టి.

"యాడ్నించి వొస్తిరి నాయనా? అన్నం తింటిరా?"

తెలుగు! మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. కెప్టెన్ గారు ముందుకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని అడిగారు.

"అమ్మా, ఇది ఏ ఊరు?"

"గుంటూరు," అంది ఆవిడ. "గుంటలో ఉండాది కద. ఇంగేమంటాము?"

రెండో ముక్క ఆయన వినలేదు. అప్పటికే మోకాళ్ళ మీద పడి నేల ముద్దు పెట్టుకుంటున్నారు.

ఓబులమ్మ నా భుజం తట్టింది. "ఆయప్ప నేలెందుకు నాకతాండాడు?"

"గుంటూరొచ్చామని సంతోషం అవ్వా."

"ఇంత సంతోషమా? మేం దినామూ ఈడ్నే ఉంటామే."

నమోదు 5

పోతురాజుకి అనుమానాలున్నాయి. నాకున్నవన్నీ కూడా వాడి నోటే పలికించి, నేను పక్కన నిలబడి రాసుకున్నాను.

"కెప్టెన్ గారూ, చందమామలు రెండున్నాయండీ."

"మనవాళ్ళు ఇక్కణ్ణించి వచ్చేసి ఎన్ని తరాలైంది? ఈలోగా ఇంకోటి పెట్టించుకుని ఉంటారు. సంపాదించిన ఊరు."

"పక్కన కృష్ణ ఉండాలి కదండీ?"

"పక్కన అన్నారు గానీ ఎంత పక్కనో అన్నారా?"

"ఆకాశం ఆకుపచ్చగా ఉందండీ."

"గుంటూరు ఎండల సంగతి నీకు తెలీదు."

ఊరి కథ ఓబులమ్మే చెప్పింది. వాళ్ళ తాతముత్తాతలు ఇటుకలు చేసేవాళ్ళు. ఎక్కడో కొత్త కాలనీ కట్టడానికి తీసుకుపోతున్న ఓడ ఇక్కడ పాడైపోయింది. పిలిచినవాళ్ళు మళ్ళీ వెతకలేదు. వీళ్ళు గుంటలో దిగి, తెలిసిన పనే చేసి, గోడ కట్టుకుని గాలిని నిలబెట్టుకున్నారు. గోడలో ఎక్కడ బీట పడ్డా ఆ పూటకి ఊరంతా అన్నం మాని అక్కడికి పోతారు.

"ఆ గోడే మా ఊపిరి నాయనా. అది పోతే మేముండము."

సాయంత్రం కెప్టెన్ గారు జెండా పాతి, మహాసభవారి ప్రకటన చదివారు. అది ఎంత గ్రాంథికంలో ఉందంటే, రాసినాయనకి కూడా అర్థం కాకూడదన్న పట్టుదల కనపడుతుంది. అభ్యంతరం ఉన్నవారు చదువుతుండగానే చెప్పాలని అందులో ఉంది.

"ఏమంటాండాడు?" అంది ఓబులమ్మ.

"మీ ఊరు మాదంటున్నారవ్వా."

"మరి మేమో?"

"మీరు కూడానట."

ఆవిడ నవ్వింది, పళ్ళు లేని నవ్వు. "సరేలే. మొన్న గాలికి ఉత్తరం దిక్కు గోడ పగిలింది. మీదే కద, రేపు పొద్దున్నే వొచ్చి కట్టండి."

కెప్టెన్ గారికి గోడ మీద ఆసక్తి లేదు. రాత్రి భోజనానికి ముందే ఆయన పథకం గీసేశారు: నలభై ఓడలు, గోదాములు, దారి మొదట్లో ఒక గేటు.

"గేటెందుకండీ?" అన్నాను. "గేట్లు తప్పించుకోవడానికే కదా వచ్చాం?"

"వాళ్ళ గేట్లు వేరు. ఇది మన గేటు."

నా సిద్ధాంత వ్యాసంలో ఆఖరి అధ్యాయం ఒకటుండేది. ఓడలు చేరిన దీవుల్లో ఉండేవాళ్ళకి తర్వాత ఏమైందన్నది. దాన్ని మా ఆచార్యులవారు కొట్టేయించారు. 'వాళ్ళు ఎందుకు బయల్దేరారు అన్నదే మన విషయం నాయనా, చేరాక ఏమైందన్నది కాదు. విషయం దాటకూడదు' అన్నారు. నేనూ దాటలేదు. మార్కులు బాగా వచ్చాయి. ఇప్పుడా అధ్యాయం నా ఎదుట కూచుని, మోచేతుల దాకా మట్టి కడుక్కుంటోంది.

నమోదు 6

ఇవాళ విందు. చరిత్రలో నిలిచిపోయే విందు కనక వివరంగా రాస్తున్నాను.

ఓబులమ్మ సంగటి ముద్దలు పెట్టి, పక్కన ఊరిమిండి వేసింది. ఊరిమిండి అంటే వాళ్ళ భాషలో పచ్చడి. ఎర్రగా, నున్నగా ఉంది. చేలో పండిన కాయలట, తాతలు కొంగున మూట కట్టుకొచ్చిన గింజలట. నేను దాని బొమ్మ పుస్తకాల్లో చూశాను. మిరపకాయ!

కెప్టెన్ గారు వేలికి పెద్ద ముద్ద తగిలించుకుని నోట్లో పెట్టుకున్నారు. ముందు చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే దాని మీదుగా కన్నీళ్ళు జారాయి. చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో మొదటిసారి ఆయన క్లుప్తంగా మాట్లాడారు.

"నీళ్ళు!"

తర్వాత ఇంకా క్లుప్తంగా, "విషం!"

పోతురాజు రుచి చూసి గుంట చుట్టూ పరిగెత్తాడు. నేనూ రుచి చూశాను. నాలుక మీద నిప్పు పెట్టి, ఆ నిప్పు మీద నా తాతముత్తాతలందరినీ వరసగా నడిపించినట్టుంది. ఏడ్చాను, ముక్కు కారింది, ఇంకో వేలెడు నాకాను. నాంచారమ్మ పిన్నిగారు మాట్లాడకుండా మూడో ముద్ద కలుపుకుంటోంది. ఆవిడ చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పిన్నిగారూ, ఇదే కదా?"

"మాట్టాడకు. నన్ను తిననీ."

"కరకరలాడదేం?" అని అరిచారు కెప్టెన్ గారు. "కారమంటే కరకరలాడాలి! ఇది కారం కాదు, కుట్ర!"

నోరు చల్లార్చుకోవడానికి ఆయన గాలి వీచే వైపు పరిగెత్తారు. గాలి బట్టీ మీదుగా వీస్తోంది. పక్కన విరిగిన ఇటుకల గుట్ట, దాని మీంచి లేచిన ఎర్రటి దుమ్ము. తెరుచుకున్న నోట్లోకి నేరుగా పోయింది. కెప్టెన్ గారు ఆగిపోయారు. నోరు మూశారు. నమిలారు. ముఖం మీద బాల్యం తిరిగొచ్చింది.

"ఇదే," అన్నారు మెల్లగా. "మా అమ్మ చేతి పులుసు."

మేమంతా తలో చిటికెడు వేసుకున్నాం. అబద్ధమెందుకు, ఆయన అన్నది అక్షరాలా నిజం. పండక్కి కొనే మేలురకం కారం ఇదే, ఇంకాస్త తాజాగా ఉంది.

ఓబులమ్మ దగ్గరికొచ్చి మా వేళ్ళకంటిన దుమ్ము చూసింది.

"ఇటికల పొడి తింటారా మీరు?"

"పుట్టినప్పట్నించీ అవ్వా. తెలీదంతే."

"అయ్యో నా బిడ్డల్లారా," అంది, నిజంగా జాలిపడి.

ఆ జాలి చీకటి పడే దాకా కూడా నిలవలేదు. మావాళ్ళు ఇటుకల గుట్ట మొత్తం నూరి బస్తాలకెత్తారు, ఓడ సగమే నిండింది. కెప్టెన్ గారు తలెత్తి గుంట చుట్టూ ఉన్న గోడ వంక చూశారు. గుడ్లప్పగించి చూశారు.

"తాతబ్బాయ్, చూశావా? ఊరి చుట్టూ కారమే!"

గోడకి చెయ్యి వేయబోతే ఓబులమ్మ, ఆవిడ వెనక ఊరంతా పారలతో నిలబడ్డారు. మేం తొమ్మిదిమందిమి. కెప్టెన్ గారు మర్యాదగా వెనక్కి తగ్గారు. "పరవాలేదు. నలభై ఓడలతో వస్తాను. ఒక్కో ఓడకి ఒక్కో వైపు."

ఓబులమ్మ నన్ను పక్కకి పిలిచింది. నవ్వు లేదు.

"నిజం చెప్పు అబ్బోడా. మళ్ళ వొస్తారా?"

నేను ఎవర్నైనా నవ్వించగలను. ఆ పూట ఒక్క హాస్యం కూడా నోటికి రాలేదు.

"వస్తారవ్వా. మేం ఎప్పుడూ వస్తాం."

నమోదు 7

ప్రయాణానికి ముందు కెప్టెన్ గారు అందర్నీ ఓడలో సమావేశపరిచారు. మన విజయాన్ని ఓర్వలేనివాళ్ళు రేపు సభలో చందమామల సంగతి ఎత్తుతారని, అందుకని ఇప్పుడే అందరం ప్రమాణం చేయాలని అన్నారు. ప్రమాణం రాసే భాగ్యం నాకు దక్కింది. 'ఈ ప్రదేశం భూలోకమందలి గుంటూరే. కాదన్నవాడు జన్మంతా చప్పిడి కూడు తినుగాక.' చేతిలో ఉప్పు పట్టుకుని అందరం చేశాం. పోతురాజు గొణిగాడు గానీ, చప్పిడి కూడు అనేసరికి వాడి గొంతే అందరికన్నా గట్టిగా వినపడింది.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. చాలా వినయంగా చేతులు కట్టుకున్నాను.

"కెప్టెన్ గారూ, ఒకరు మిగిలిపోయారండీ."

"ఎవరోయ్?"

"దారిపెట్టె. మనుషులం మాట మీద నిలబడతాం. రేపు నిండుసభలో దాన్ని అడిగితే అది నిజం చెప్పదని ఏమిటి నమ్మకం? ఎవరి మాట వింటారండీ, తమరిదా, దానిదా?"

ఆయన ముఖం నల్లబడింది. వెంటనే దారిపెట్టె ముందు నిలబడ్డారు.

"ఏయ్, ఇది గుంటూరని ఒప్పుకుంటావా?"

"చిత్తం. ఊరివాళ్ళే అంటున్నారు కనక ఒప్పుకుంటాను. భూలోకం మాత్రం..."

"భూలోకంలో గుంటూరు!"

దారిపెట్టె కాసేపు గుయ్యిమంది. "అలా ఒప్పుకోవాలంటే, మనం వచ్చిన దారి నేను తప్పు రాసుకున్నట్టవుతుంది. అదంతా చెరిపేసి, భూలోకంలో గుంటూరు ఎక్కడుందో మనం అక్కడే ఉన్నట్టు దిద్దుకోవాలి. చెరిపితే పాతది ఇక దొరకదు. ఎవరికీ దొరకదు. చెరపమంటారా?"

పోతురాజు నా వంక చూశాడు. నేను నా బూట్ల వంక చూశాను. నాంచారమ్మ పిన్నిగారు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కెప్టెన్ గారు కిటికీ దగ్గరికెళ్ళి బయటికి చూశారు. రెండు చందమామలూ పక్కపక్కనే ఉన్నాయి, స్పష్టంగా. చాలాసేపు చూశారు. ఆయనకి తెలుసునేమోనని ఆ క్షణంలో నాకు భయమేసింది. తెలుసు అని ఒక్కమాట అంటే చాలు, దారి మిగుల్తుంది, నలభై ఓడలు వస్తాయి, గోడ కూలుతుంది. అంటే మాత్రం ఆయన గుంటూరు చేరని గరుడాచలం అవుతారు.

"చెరుపు," అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"చిత్తం," అంది దారిపెట్టె. ఒక గంట మోగింది. "మనం గుంటూరులో ఉన్నాం. భూలోకానికి స్వాగతం."

నా కొట్టేసిన అధ్యాయం సంగతి తెలిసిన పిన్నిగారు నా పక్కనుంచి పోతూ చెవిదగ్గర అంది. "ఒరే, నువ్వు మీ ఆచార్లుగారికి ఉత్త పుణ్యానికి భయపడ్డావురా."

నేను కిందికి పరిగెత్తి ఓబులమ్మకి చెప్పాను. పాపం ఆవిడకి దారిపెట్టె అంటే ఏమిటో తెలియదు. చివరికి ఒక్కటే అడిగింది.

"అంటే, రారు?"

"దారి తెలీదవ్వా. నాకు కూడా."

ఆవిడ కొంగు ముడి విప్పి, గుప్పెడు ఎండు మిరపకాయలు చిన్న గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"ఏడుపొచ్చినప్పుడు ఒకటి కొరుక్కో. ఎందుకేడుస్తాండావని ఎవురూ అడగరు."

నమోదు 8

దీపస్తంభం పిలుపు పట్టుకుని ఇల్లు చేరాం. నాచు పల్చనై, పోతురాజు బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి తప్ప ప్రయాణంలో విశేషం లేదు. కెప్టెన్ గారు మాత్రం ఎక్కువగా కిటికీ దగ్గరే కూచున్నారు.

నవకోస్తా మమ్మల్ని భుజాల మీద మోసింది. మేం తెచ్చిన బస్తాలకు 'అసలు గుంటూరు' అని చీటీలు అంటించారు. నాణ్యత పరీక్షించే సంఘంవారు చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, 'ఇంత కరకర మేం ఎన్నడూ ఎరుగం' అని కితాబిచ్చారు. నేను ఒక ఎండుమిరపకాయ చూపించాను. దూరంగా పెట్టమన్నారు. నకిలీ సరుకు దగ్గరుంటే అసలు సరుకు చెడుతుందట.

గరుడాచలం గారికి 'గుంటూరు సాధక' బిరుదు. నాకు ఒక గది, అందులో సగం పోతురాజుకి.

ఆ తర్వాత సభలో దారిపెట్టెని అడిగారు, నలభై ఓడలు గుంటూరు పోవడానికి దగ్గర దారి ఏదని. అది ప్రమాణం తప్పని యంత్రం. వెంటనే చెప్పింది.

"మొదటి గేటు, తర్వాత రెండో గేటు, తర్వాత మూడో గేటు. దాటగానే గుంటూరు."

సభ్యులు వేళ్ళ మీద గేట్లు లెక్కపెట్టుకున్నారు. తర్వాత అధ్యక్షులవారు తేరుకుని, ఇంత దగ్గర దారి కనిపెట్టినందుకు గరుడాచలం గారిని మరోసారి కౌగిలించుకున్నారు.

నమోదు 9

ఇవాళ నలభై ఓడలూ బయల్దేరాయి. గేట్ల యజమానులు రుసుము రెట్టింపు చేశారని పుకారు.

సాగనంపే సభలో నాకు ముందు వరసలో కుర్చీ ఇచ్చారు. ఓడ ఎక్కబోతూ గరుడాచలం గారు నా దగ్గర ఆగారు. పట్టుబట్టలు, మెళ్ళో పెద్ద దండ, కళ్ళకింద నలుపు. ఎవరూ వినకుండా వంగి అడిగారు.

"తాతబ్బాయ్, మీ పుస్తకాల్లో ఆ గుంటూరుకి చందమామలు ఎన్ని?"

"ఒకటేనండీ."

ఆయన తల పంకించారు. "అయితే రెండోది ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాల్సొస్తుంది," అని, నా భుజం ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళిపోయారు.

నిజం గుంటూరు వాళ్ళ సంగతి నేను ఆలోచించకపోలేదు. వాళ్ళ మీదికి నలభై ఓడల్ని తోలింది నేనే. కానీ వాళ్ళు ఒక ఊరూ ఒక గుంటా కాదు, ఓ భూలోకమంతా వెనకుంది. పైగా విన్నంతలో వాళ్ళ దగ్గర దండిగా కారం ఉంది. అవతల ఆకుపచ్చటి ఆకాశం కింద ఓబులమ్మ ఈపాటికి ఉత్తరం గోడ కట్టేసి ఉంటుంది. ఆ ఊరు ఏ వైపుందో చూద్దామని చీకటిలోకి తల తిప్పాను. ఏ వైపో నాకే తెలీదు.

అధ్యక్షులవారు మైకు ముందుకొచ్చి, ఈ మహాయాత్రకు కారణాలు నాలుగని మొదలుపెట్టారు. ఈసారి బ్యానరు మీద ణ సరిగ్గానే ఉంది. ఎవరో శ్రద్ధగా, మిగతా అక్షరాలకన్నా పెద్దగా రాశారు.

నేను జేబులోంచి ఒక మిరపకాయ తీసి కొరికాను.

కళ్ళు కారాయి. పక్కనున్న సభ్యుడు నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఆనందబాష్పాలు! చూడండి, మన చరిత్రలేఖకుడి ఆనందబాష్పాలు!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. నలభై ఓడలూ ఒక్కొక్కటే లేచి మొదటి గేటు వైపు తిరిగాయి, ఆఖరిది కనుమరుగయ్యేదాకా నేను కాయ నములుతూనే ఉన్నాను.

ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు.